హార్మోనియం చేత్తో సీబోర్డ్: గమకం వేలికి రావాలంటే

మీ ప్రశ్న మొత్తం చదివానండి. అమలాపురం దగ్గర తాతగారి దగ్గర హార్మోనియం నేర్చుకుని పద్యనాటకాలకి వాయిస్తున్నారు, ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో సీబోర్డ్ రైజ్ 49 (మెట్ల బదులు మెత్తటి సిలికాన్ అలలుండే ఎలక్ట్రానిక్ కీబోర్డు) కొన్నారు, వైలిన్ సౌండ్ పెట్టి తోడి రాగం ఎత్తుకుంటే పిల్లి అరిచినట్టుంటోంది. వేలు ఎలా పెట్టాలి, గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) అసలు వస్తుందా, వస్తే సంక్రాంతికి ప్రభల తీర్థంలో వేసే నాటకానికి దీన్నే పట్టుకెళ్ళొచ్చా అని అడిగారు. గమకం వస్తుంది, అందులో అనుమానం లేదు. నాటకం సంగతి చివర్లో చెప్తాను, ఆ జవాబు మీకు నచ్చకపోవచ్చు.

ముందు మీ వేళ్ళని అనుమానించకండి, సెట్టింగ్ చూడండి. మామూలు కీబోర్డులో పిచ్ బెండ్ చక్రం తిప్పితే ఆ ఛానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. సీబోర్డ్ లాంటి వాటిలో ప్రతి వేలికీ ఒక్కో మిడి (వాయిద్యం, కంప్యూటర్ మాట్లాడుకునే భాష) ఛానెల్ విడిగా వెళ్తుంది కాబట్టి ఒక వేలు వంచితే ఆ స్వరం ఒక్కటే వంగుతుంది, పక్క వేలు కింద ఉన్న షడ్జమం కదలదు. దీన్నే ఎంపీఈ అంటారు, 2018లో మిడి ప్రమాణాల్లో అధికారికంగా చేరింది. ఇందులో బెండ్ రేంజ్, అంటే స్వరం వంగగల దూరం, మామూలుగా అటు 48, ఇటు 48 అరస్వరాలు (మెట్టు నుంచి పక్క మెట్టుకి ఒక అరస్వరం) ఉంటుంది, అంటే నాలుగేసి స్థాయిలు. అందరికీ తిప్పలొచ్చేది ఇక్కడే. సీబోర్డ్ 48 లెక్కన పంపుతుంటే అవతల సింథ్‌లో (కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్) పాత అలవాటు ప్రకారం 2 పెట్టి ఉందనుకోండి, మీరు ఒక అరస్వరం దూరం జరిపినా అందులో ఇరవై నాలుగో వంతే కదులుతుంది, ఎంత జార్చినా స్వరం చలించదు. తిరగేసి ఇటు 2, అటు 48 ఉంటే ఒక్క అరస్వరం జరిపేసరికి రెండు స్థాయిలు ఎగిరి కూర్చుంటుంది, వేలు కాస్త వణికినా గొంతు చించుకుంటుంది. మీరు చెప్పిన పిల్లి ఇదే అయ్యుండాలి. పరీక్ష చాలా తేలిక: మధ్య షడ్జమం మీద వేలు పెట్టి, ఎత్తకుండా పై షడ్జమం దాకా జార్చి ఆపండి, తర్వాత అదే పై షడ్జమాన్ని విడిగా నొక్కండి. రెండూ ఒకటే శ్రుతిలో ఉంటే రెండు వైపులా రేంజ్ కలిసినట్టు, లేకపోతే కలిసేదాకా ఇంకేమీ సాధన చేయకండి, దండగ. సింథ్ కోసం ఇప్పుడే డబ్బులు పెట్టక్కర్లేదు, సర్జ్ ఎక్స్‌టీ ఉచితం, వైటల్‌కి కూడా ఉచిత రూపం ఉంది, రెండూ ఎంపీఈ తీసుకుంటాయి. సింథ్‌లో ఎంపీఈ అనే బటన్ ఆన్ చేయడం మాత్రం మర్చిపోకండి.

ఇక వేలు సంగతి. సీబోర్డ్ మీ స్పర్శలో ఐదింటిని కనిపెడుతుంది: ఎంత వేగంగా దిగారు, దిగాక ఎంత నొక్కారు, పక్కకి ఎంత జరిగారు, పైకీ కిందకీ ఎంత జరిగారు, ఎంత వేగంగా వదిలారు. కంపెనీ వాళ్ళు వీటికి స్ట్రైక్, ప్రెస్, గ్లైడ్, స్లైడ్, లిఫ్ట్ అని పేర్లు పెట్టారు. ఐదూ ఒకేసారి పట్టుకుందామని చూస్తే ఏదీ పట్టుబడదు. హార్మోనియం వాయించే మీకు ఇందులో రెండో దాంతోనే అసలు పని, దాంతోనే అసలు చిక్కు కూడా. హార్మోనియంలో కుడి చేతి వేలు మెట్టు నొక్కి ఊరుకుంటుంది, శబ్దం పెంచడం తగ్గించడం అంతా ఎడమ చేతి తిత్తి చూసుకుంటుంది. నటుడు పద్యం పాదం చివర గొంతు తగ్గిస్తే మీ ఎడమ చెయ్యి చెప్పకుండానే నెమ్మదిస్తుంది కదా, ఆ పని ఇక్కడ కుడి చేతి వేలికే వచ్చి పడింది. మెట్టు నొక్కే వేలే గాలి కూడా కొట్టాలి. మీ ఎడమ చేతికి ఉన్న ఆ తెలివిని కుడి చేతి వేళ్ళలోకి తెచ్చుకోవడమే మీకు మొదటి పాఠం.

అందుకని రైజ్ ఎడమ పక్క ఉన్న మూడు టచ్ ఫేడర్లలో స్లైడ్ పూర్తిగా దించేయండి, గ్లైడ్ పైకి, ప్రెస్ సగానికి పెట్టుకోండి. స్లైడ్ ఎందుకు వద్దంటున్నానంటే, నల్ల కీల అలలు కాస్త లోపలికి ఉంటాయి, తెల్లవి ముందుకి. వేలు ఒకసారి లోపల, ఒకసారి ముందర దిగుతుంటే, స్లైడ్ ఆన్‌లో ఉన్న చాలా సౌండ్లలో ఒక స్వరం మొద్దుగా, పక్క స్వరం గీరగా పలుకుతుంది. మీకేమో రాగం తెగిపోయినట్టుంటుంది, కారణం తెలీదు. ఆ సదుపాయం మంచిదే, తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు, ఇప్పుడు కాదు.

సౌండ్ కూడా సరైనది ఎంచుకోవాలి. నొక్కుడు బలమే వాల్యూమ్‌ని నడిపించే వైలిన్, వేణువు, సన్నాయి లాంటి సౌండ్ ఒకటి పెట్టుకుని, దిగే వేగానికి స్పందించడం దాదాపు సున్నా చేసేయండి. ఇప్పుడు షడ్జమం మీద వేలు చప్పుడు లేకుండా ఆనించండి, కొట్టొద్దు. ఎనిమిది లెక్కలు పెంచుతూ పోండి, ఎనిమిది లెక్కలు తగ్గిస్తూ రండి. పక్కన ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి పెట్టుకోండి. నొక్కుడు పెరుగుతున్న కొద్దీ వేలు మీకు తెలీకుండానే ఒక పక్కకి ఒరుగుతుంది, ట్యూనర్ ముల్లు కదిలిపోతుంది, ముఖ్యంగా ఉంగరం వేలికీ చిటికెన వేలికీ. ముల్లు కదలకుండా శబ్దం మాత్రమే పెరిగేదాకా అదే చేయాలి. అది కుదిరాక దాన్ని తిరగేయండి: శబ్దం ఒకే మట్టంలో ఉంచి శ్రుతిని మాత్రం ఒక అరస్వరం అటూ ఇటూ కదపండి. ఇది మొదటిదాని కన్నా కష్టం, ఎందుకంటే వేలు జరుగుతున్నప్పుడల్లా బరువు మారిపోతుంటుంది. ఈ రెండూ విడిపోతే మీ పని సగం పైగా అయినట్టే. నాకు తెలిసి ఈ పరికరం కొని మూల పడేసినవాళ్ళు ఎక్కువమంది ఈ విడదీత చేయకుండానే నేరుగా కీర్తనల మీద పడ్డవాళ్ళు.

ఇంకోటి, మొదటి నుంచీ గట్టిగా నొక్కకండి. మామూలుగా వాయించేటప్పుడు మీ బలంలో మూడో వంతు దాటకూడదు, మిగతాది తారస్థాయి సంగతికి దాచుకోవాలి. మొదట్లోనే అడుగంటా నొక్కేస్తే అక్కడి నుంచి పైకి పోవడానికి ఏమీ మిగలదు, పైగా మెత్తటి సిలికాన్‌లో కూరుకుపోయిన వేలు పక్కకి జరగదు, ఈడ్చుకుపోతుంది, గమకం ముక్కలు ముక్కలుగా వస్తుంది.

వేలి కొన కాదు, కొన వెనకున్న మెత్తటి భాగం ఆనాలి. చెయ్యి పియానో వాళ్ళలా గుండ్రంగా వంచి పెట్టక్కర్లేదు, కాస్త చాపినట్టే ఉంచండి. దిగేటప్పుడు అల శిఖరం మీద దిగడం అలవాటు చేసుకోండి, ఆ ఎత్తుపల్లాలు ఉన్నదే కళ్ళు మూసుకున్నా వేలికి చోటు తెలియడానికి. దూరం జార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం అలల మీద కాకుండా వాటికి పైన, కింద ఉన్న చదును పట్టీ మీదకి వేలు తెచ్చుకోండి, అక్కడ గతుకులుండవు. మీరు కింద కూర్చుని వాయించే అలవాటున్నవాళ్ళు కాబట్టి ఎత్తు పీట వేసి దాని మీద పెట్టండి, మోచెయ్యి అలల మట్టానికి రావాలి. పీటకీ పరికరానికీ మధ్య జారకుండా రబ్బరు షీటు వేసుకోండి, లేకపోతే జారు వేసిన ప్రతిసారీ మీతో పాటు అది కూడా ప్రయాణం కడుతుంది.

ఇప్పుడు గమకం. తోడితో మొదలెట్టడం మీ పొరపాటు అనను కానీ తొందర. మాయామాళవగౌళతో మొదలెట్టండి, ఎందుకంటే అందులో గాంధారం, నిషాదం నిలకడగా నిలబడతాయి, రిషభం, ధైవతం కదులుతాయి, షడ్జమం పంచమం సరేసరి. ఒకే సరళిలో నిలపడమూ కదపడమూ రెండూ అభ్యాసం అవుతాయి. షడ్జమం ఎప్పుడూ సీ మీదే పెట్టుకోండి, నటుడి శ్రుతి ఒకటిన్నర అయినా ఐదు అయినా సింథ్‌లో ట్రాన్స్‌పోజ్ చేసుకోండి (మొత్తం శ్రుతిని పైకో కిందకో జరపడం), అప్పుడు వేలికి దూరాలు మారవు. ఇక్కడ రిషభం కదలిక చిన్నది, షడ్జమం వైపు వాలి వెనక్కి రావడం అంతే, దీనికి చెయ్యి జరపక్కర్లేదు, వేలి మెత్తటి భాగాన్ని ఉన్నచోటే ఎడమకి దొర్లించి మళ్ళీ నిలబెడితే సరిపోతుంది. గాంధారం దగ్గరికి రాగానే కదలిక మొత్తం ఆపేయండి. ఆపడం చాలామందికి రాదు, కదిలే పరికరం చేతికొచ్చింది కదా అని ప్రతి స్వరాన్నీ వణికిస్తారు, అన్నీ వణికితే రాగం ఎక్కడుంటుందండీ.

తోడి గాంధారం దీనికి పూర్తిగా వేరు. హార్మోనియంలో మీరు సాధారణ గాంధారం మెట్టు నొక్కి, పక్క మెట్లతో త్వరత్వరగా అలంకరించి గట్టెక్కిస్తారు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. సీ షడ్జమం అయితే గాంధారం డీ షార్ప్ మీద ఉండాలి, కానీ పాడేటప్పుడు ఆ స్వరం అక్కడ నిలబడదు, శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. సీ షార్ప్ నుంచి ఎఫ్ దాకా నాలుగు అరస్వరాల పట్టు అది. కొత్తవాళ్ళు డీ షార్ప్ మీదే వేలు పెట్టి రెండు పక్కలా సమంగా వణికిస్తారు, అది సినిమా వైలిన్ వణుకు అవుతుంది కానీ తోడి అవదు. ఎందుకు అవదంటే, కంపితంలో, అంటే ఈ ఊపు గమకంలో, వేలు ఒకే వేగంతో అటూ ఇటూ తిరగదు. కింద అంచు దగ్గర ఒక్క లిప్త ఆగుతుంది, పైకి చప్పున పోతుంది, అక్కడ ఇంకో లిప్త ఆగి మళ్ళీ దిగుతుంది. మధ్యలో ఉన్న గాంధారం దారి మాత్రమే. సింథ్‌లో ఎల్‌ఎఫ్‌ఓ (శ్రుతిని ఒకే లయలో ఊపే సదుపాయం) పెట్టి ఆటోమేటిక్‌గా ఊపించినా గమకంలా వినిపించకపోవడానికి కారణం కూడా ఇదే, దానికి అంచుల దగ్గర ఆగడం తెలీదు.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఒక దెబ్బకి రిషభం దగ్గర, తర్వాతి దెబ్బకి మధ్యమం అంచు దగ్గర ఉండండి, ప్రయాణం మాత్రం దెబ్బకి ముందు చివరి క్షణంలో చేయండి. తర్వాత దెబ్బకి రెండు, ఆ తర్వాత నాలుగు. వేగం పెరిగిన కొద్దీ చెయ్యి దొంగతనం చేస్తుంది, పట్టు నాలుగు అరస్వరాల నుంచి రెండుకి కుంచించుకుపోతుంది, మీకు వాయిస్తున్నప్పుడు తెలీదు, ఫోన్‌లో రికార్డు చేసి వింటేనే తెలుస్తుంది. ఇంత వెడల్పు ఊపు వేలి కణుపుల నుంచి రాదు, ముంజేతి నుంచి రావాలి, మణికట్టు బిగించకూడదు. పైన మధ్యమాన్ని పూర్తిగా తాకాలా, అంచు దాకా వెళ్ళి తిరగాలా అన్నది మీ పాఠాన్ని బట్టి ఉంటుంది, దానికి తాతగారి చేత పాడించుకుని పక్కన పెట్టి వాయించండి, ఆయన గొంతుని మించిన ట్యూనర్ మీకు దొరకదు.

జారు వేసేటప్పుడు కూడా ఇదే గొడవ. స నుంచి ప దాకా నింపాదిగా ఒకే వేగంతో ఒకే బరువుతో జార్చితే మధ్యలో అన్ని స్వరాలూ హాజరు పలికినట్టు వినిపిస్తాయి. షడ్జమం మీద కాస్త ఎక్కువసేపు ఉండి, బయల్దేరగానే బరువు తగ్గించి, పంచమం చేరాక మళ్ళీ బరువు వేయండి. హార్మోనియంలో తిత్తి ఒక్క క్షణం ఆపి మళ్ళీ అందుకుంటారే, అంతే. జంట స్వరాల్లో స్ఫురితానికి రెండు వేళ్ళు వాడకండి, ఎంపీఈలో రెండో వేలు వేరే స్వరంగా మోగి రెండూ కలిసిపోతాయి. అదే వేలితో రెండో స్వరం ముందు కింద స్వరం వైపు టక్కున ముంచి తీయండి. రెండు వేళ్ళతోనే కావాలంటే సౌండ్‌ని మోనోలో (ఒకసారికి ఒక్క స్వరమే మోగేలా) పెట్టుకోండి.

వీణ, మాండొలిన్ లాంటి మీటే సౌండ్లు పెడితే లెక్క మారిపోతుంది. అక్కడ దిగే వేగమే స్వరం, దిగాక శబ్దం తగ్గుతూ పోతుంది, గమకం అది ఆరిపోయేలోపు అయిపోవాలి. ప్రెస్ అక్కడ వాల్యూమ్ పెంచకూడదు, మీటిన తీగ దానంతటది పెరగదు కదా. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. మామూలు మాండొలిన్‌లో స్వరం మీటిన వెంటనే ఆరిపోతుంది, ఆంప్లిఫైయర్ ఉంటే గమకం పూర్తయ్యేదాకా నిలుస్తుంది. మీరు కూడా మీటే సౌండ్‌లో డికే (శబ్దం ఆరిపోయే వ్యవధి) కాస్త పొడుగు పెట్టుకోండి, మరీ పొడుగు పెడితే మళ్ళీ వైలిన్ అయిపోతుంది.

మన వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. మే నెలలో కోనసీమ ఉక్కకి అరచేతులు తడిసిపోతాయి, తడి వేలు సిలికాన్‌ని పట్టుకుంటుంది, జారు ఆగి ఆగి వస్తుంది. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, వేళ్ళకి మాత్రం చిటికెడు టాల్కమ్ పౌడర్ రాసి దులిపేసుకుంటే బాగా నడుస్తుంది, పౌడర్ పరికరం మీద చల్లకండి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో, ఆత్రేయపురం పూతరేకు తిన్న చేత్తో ముట్టుకోనివ్వకండి, ఇంట్లో పిల్లలుంటే మరీను. దుమ్ము పడితే కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. సాధన చేసేటప్పుడు బ్లూటూత్ స్పీకర్ అస్సలు వద్దు, మీరు నొక్కాక శబ్దం వచ్చేసరికి వేలు ఇంకో చోట ఉంటుంది, చెవి వేలిని దిద్దే పని ఆగిపోతుంది. వైరున్న హెడ్‌ఫోన్, యూఎస్‌బీ కేబుల్, కంప్యూటర్‌లో బఫర్ (శబ్దం బయటికొచ్చే ముందు కూడబెట్టే శాంపిళ్ళ లెక్క) 128 లేదా అంతకన్నా తక్కువ. 48 కిలోహెర్ట్జ్‌లో 128 అంటే మూడు మిల్లీసెకండ్లు కూడా లేదు. పైన ఇంకొంచెం ఆలస్యం కలిసినా వాయించడానికి అడ్డు రాదు.

ఇలాంటివే వేరే వాయిద్యాలు లిన్‌స్ట్రుమెంట్, ఆస్మోస్ గురించి కూడా అడిగారు. ఉన్నది అమ్మి కొనక్కర్లేదు. రోజర్ లిన్ తయారుచేసిన లిన్‌స్ట్రుమెంట్‌లో 200 గళ్ళు తీగ వాయిద్యం పద్ధతిలో వరసలుగా ఉంటాయి, వీణ వచ్చినవాళ్ళకి బాగుంటుంది, హార్మోనియం చేతికి దారి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆస్మోస్‌వి నిజమైన కీలు, పక్కకి కదిపితే శ్రుతి వంగుతుంది, స్పర్శ చాలా బాగుంటుంది, కానీ సీబోర్డ్ మీద లాగా వేలు ఎత్తకుండా ఒక స్థాయి అంతా జార్చే వీలు దానికి లేదు. లిప్పోల్డ్ హాకెన్ కనిపెట్టిన కాంటిన్యూమ్ అనే వాయిద్యం గమకానికి వీటన్నిటి కన్నా మేలు అని నా అభిప్రాయం, ధర మాత్రం మనబోటి వాళ్ళకి అందేది కాదు.

ఇక నాటకం. ఈ సంక్రాంతికి పద్యానికి సీబోర్డ్ వద్దండి. మెట్టుకీ మెట్టుకీ మధ్య స్వరం పలకదని, మన గమకానికి పనికిరాదని హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో బయట పెట్టి 1971 దాకా సడలించలేదు, ఆ సంగతి మీకు తెలిసే ఉంటుంది. రంగస్థలం మీద మాత్రం ఆ కదలనితనమే నటుడికి ఆధారం. మైకుల హోరులో, జనం వన్స్ మోర్ అని అరుస్తుంటే, రాగం సాగదీసి ఊపిరి అందక వెనక్కొచ్చే మనిషికి షడ్జమం కచ్చితంగా ఒకేచోట దొరకాలి. మీ వేలు ఇంకా ఒరుగుతున్న రోజుల్లో ఆయన మీ మీద ఆనుకుంటే ఇద్దరూ పడతారు. హార్మోనియం యథాప్రకారం వాయించండి. సీబోర్డ్ పక్కన పెట్టుకుని తెర లేచే ముందు, రంగాల మధ్య, మాటల వెనక సన్నాయి సౌండ్‌తో రెండు నిమిషాల ఆలాపన వేయండి, అక్కడ కాస్త తేడా వచ్చినా ఎవరి పద్యమూ చెడదు. బయల్దేరే ముందు మీ హార్మోనియం షడ్జమాన్ని సింథ్ షడ్జమంతో కలిపి వినండి. పాత పెట్టెల రీడ్లు చాలావరకు ఇప్పటి ప్రమాణ శ్రుతి 440 హెర్ట్జ్ లెక్కకి ఉండవు, రెండూ కలిసినప్పుడు వా వా అని కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడం నెమ్మదించి ఆగిపోయేదాకా సింథ్‌లో ఫైన్ ట్యూన్ జరపండి, హార్మోనియాన్ని కాదు. జనరేటర్ కరెంటు కాబట్టి లాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసి బ్యాటరీ మీదే నడపండి, ఆ రాత్రికి గ్లైడ్ ఫేడర్ సగానికి దించుకోండి, టెన్షన్‌లో వేలు వణికినా శ్రుతి ఎక్కువ కదలదు.

తోడి గాంధారం రికార్డు చేశాక ఇక్కడ పెట్టండి, వింటాను. దెబ్బకి రెండు చొప్పున వాయించినదే పెట్టండి, నాలుగుది వద్దు.